కలివికోడి కోసం కంప్యూటరు చెవి

ఐసెలిన్‌లో మా కిటికీ దగ్గర సెల్‌ఫోను పెడితే చాలు, బయట కూసేది రాబిన్ అని కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ చెప్పేస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. కూతను స్పెక్ట్రోగ్రాం అనే బొమ్మగా మార్చి, వేలకొద్దీ పాత రికార్డింగులతో తర్ఫీదు ఇచ్చిన ప్రోగ్రాము చేత దాన్ని గుర్తు పట్టించడమే.

మరి ఆ వేల రికార్డింగులు లేని పక్షి అయితే? మన కడప జిల్లా కలివికోడి పరిస్థితి అదే. 1900 తరువాత కనబడకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు ఒకదాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

ఇది రాత్రిపూట నేలమీద తిరిగే పక్షి. ముళ్ళ పొదలుండాలి, మధ్యలో నడవడానికి ఖాళీ నేలా ఉండాలి. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటు దీనికి అనువని జగన్నాథన్ బృందం లెక్క తేల్చింది. వాళ్ళ పద్ధతి నాకు భలే నచ్చింది: జల్లించిన మట్టిని పట్టీలుగా పరచి, పొద్దున్నే కాలి గుర్తులు చూడడం. ఈ పక్షికి మూడే వేళ్ళు, వెనక వేలు ఉండదు. గుర్తులు దొరికిన చోట ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు.

ఈ ఆధారాలు ఊరికే పోలేదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకంలో కొంత ఆవాసం పాడయింది. పక్షి ఉనికి తెలిసి ఉండబట్టే తరువాత కాలువ దారి మార్చగలిగారు.

చాలా ఏళ్ళ నిశ్శబ్దం తరువాత 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దీని కూతను మళ్ళీ రికార్డు చేశారు. ఇక అడవంతా రికార్డర్లు పెట్టి కంప్యూటరుకు అప్పగిద్దామా? చిక్కేమిటంటే, పదివేల శబ్దాల్లో అసలుది ఒక్కటే ఉందనుకోండి. ప్రోగ్రాము నూటికి ఒక్కటే తప్పు చేసినా సుమారు వంద దొంగ కూతలు వస్తాయి. నన్నడిగితే రానివ్వండి అంటాను. వంద మనిషి చెవితో వినెయ్యొచ్చు. జారిపోయిన ఒక్కటీ మళ్ళీ దొరకదు. పైగా ఇది ఎక్కువగా పొద్దుగూకాక ముప్పావు గంటకి, కాసేపే కూస్తుంది. రికార్డర్లను ఆ వేళకే పెడితే బ్యాటరీ కూడా మిగులుతుంది.