టీకా మోసిన పసిచేతులు

ఫ్రిజ్‌లు లేని కాలంలో మశూచి టీకా మహాసముద్రాలు దాటింది. దాన్ని చెడిపోకుండా మోసుకెళ్లింది అనాథ పిల్లలు.

1803 నవంబరు 30. స్పెయిన్ వాయవ్య తీరంలోని లా కొరూన్యా రేవు నుంచి ‘మారియా పీటా’ అనే చిన్న ఓడ లంగరెత్తింది. అందులో డాక్టర్లు, వాళ్ల సహాయకులు, నావికులు ఉన్నారు. వాళ్లతోపాటు మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల వయసున్న మగపిల్లలు 22 మంది. ఓడలో అసలు సరుకు ఆ పిల్లలే.

అప్పటికి అమెరికా ఖండాల్లోని స్పెయిన్ వలసల్లో మశూచి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేస్తోంది. మన దగ్గర అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన జబ్బే ఇది. ఆవు మశూచి రసి ఎక్కిస్తే అసలు మశూచి సోకదని 1796లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ జెన్నర్ చూపించాడు. మశూచి స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్ ఇంటినీ వదల్లేదు. 1794లో ఆయన చిన్నారి కూతురు మారియా తెరెసాను పొట్టన పెట్టుకుంది. అందుకే, టీకాను వలసలకు చేరుస్తానని ఫ్రాన్సిస్కో హావియేర్ బాల్మిస్ అనే డాక్టరు ముందుకొస్తే రాజు ఖజానా తెరిచాడు.

రసి ఎండకూడదు

చిక్కంతా ప్రయాణంతోనే. రసిలో తడిపిన దారాలను గాజుపలకల మధ్య పెట్టి, మైనంతో మూసి పంపేవారు. వారాల తరబడి సాగే సముద్ర ప్రయాణంలో, ఉష్ణమండలపు వేడికి అది తరచూ పనికిరాకుండా పోయేది. బాల్మిస్ వేసిన ఎత్తు పిల్లలు. చేతి మీద సన్నగా గీరి రసి అంటిస్తే అక్కడ పొక్కు లేస్తుంది. తొమ్మిది పది రోజులకు నిండుతుంది. ఆ రసినే తీసి తరువాతి ఇద్దరికి అంటించాలి. ఒకరికి పొక్కు లేవకపోయినా రెండోవాడు ఉంటాడని ఇద్దరు. అంతకుముందు మశూచి సోకినవాళ్లూ, టీకా పడినవాళ్లూ ఇందుకు పనికిరారు.

పొక్కు గోక్కోకూడదు, పక్కవాడికి రాసుకోకూడదు. అటూ ఇటూ ఊగే ఓడలో, పసివాళ్లతో! వాళ్లను కనిపెట్టుకుని ఉన్నది అనాథాశ్రమ నిర్వాహకురాలు ఇసబెల్ సెందాల్. ఆ 22 మందిలో ఆమె కొడుకు బెనీతో కూడా ఒకడు. 1804 మార్చిలో వెనెజువెలా తీరం చేరేసరికి, రసి తీయడానికి పనికొచ్చే పొక్కు ఒకే ఒక్క పిల్లవాడి చేతిమీద మిగిలింది. అదీ ఎండిపోయి ఉంటే గొలుసు అక్కడే తెగేది.

కొన్న పిల్లలు, అరువు పిల్లలు

అక్కడి నుంచి బృందం రెండుగా చీలింది. దక్షిణానికి వెళ్లిన డాక్టర్ హోసే సాల్వానీ ఓడ మగ్దలేనా నది ముఖద్వారం దగ్గర దెబ్బతింది. ఆయనకు ఒక కన్ను పోయింది. అయినా ఆండీస్ కొండలెక్కి టీకాలు వేస్తూ వెళ్లి, 1810లో బొలీవియాలోని కొచబాంబాలో కన్నుమూశాడు.

బాల్మిస్ క్యూబా వెళ్లాడు. హవానాలో పిల్లలు దొరక్కపోతే బానిస బాలికలను డబ్బిచ్చి కొన్నాడు. ప్రాణాలు నిలపడానికి బయల్దేరిన యాత్ర, మనుషుల్ని అమ్మే అంగడికీ వెళ్లింది.

అక్కడి నుంచి మెక్సికో చేరి, 1805 ఫిబ్రవరిలో అకపుల్కో నుంచి 26 మంది స్థానిక బాలురతో ఫిలిప్పీన్స్‌కు బయల్దేరాడు. ఇరుకు ఓడ, నేలమీదే పడక. నిద్రలో ఒకరిమీదొకరు పడి, వంతు రాకముందే కొందరికి టీకా అంటుకుంది. ఏప్రిల్‌లో మనీలా, ఆపైన మకావ్, కాంటన్. 1806లో బాల్మిస్ స్పెయిన్ తిరిగొచ్చేసరికి టీకా భూగోళం చుట్టేసింది.

మన దేశానికీ చేతుల మీదుగానే

అంతకు ముందే, 1802లో టీకా మన దేశానికి బాగ్దాద్, బస్రాల మీదుగా చేరింది. ఆ ఏడాది జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల ఆనా డస్ట్‌హాల్‌కు తొలి టీకా పడింది. ఆమె నుంచి తీసిన రసితో మరో ఐదుగురు పిల్లలకు వేశారు. ఆ పరంపర నుంచే పూనా, సూరత్, మద్రాసు, హైదరాబాదులకు టీకా అందింది.

ఎవరూ అడగలేదు

లా కొరూన్యా పిల్లలకు తిండి, చదువు, ఉపాధి దొరికేదాకా పోషణ ప్రభుత్వానిదే అని రాజు మాటిచ్చాడు. తీరా మెక్సికో నగరంలో వాళ్లను పేదల ఆశ్రమంలో పడేశారు. బాల్మిస్ స్వయంగా మొరపెట్టుకున్నాడు. ఇసబెల్ చివరికి కొడుకుతో మెక్సికోలోని ప్యూబ్లాలో స్థిరపడింది. 2020లో కరోనా వచ్చినప్పుడు స్పెయిన్ సైన్యం తన సహాయ కార్యక్రమానికి బాల్మిస్ పేరు పెట్టుకుంది. మాడ్రిడ్‌లో కొత్త ఆసుపత్రికి ఇసబెల్ పేరు పెట్టారు. పిల్లల పేర్లు మాత్రం ఇప్పటికీ అరుదుగానే వినిపిస్తాయి.

ఇలాంటి పనికి ఈ రోజు ఏ వైద్య నైతిక కమిటీ ఒప్పుకోదు. ఆ రోజుల్లో నమ్మకమైన మార్గం ఇంకొకటి లేదు. రెండూ నిజాలే కాబట్టి ఆ పిల్లల్ని త్యాగమూర్తులని పొగిడి చేతులు దులుపుకోలేం. త్యాగం ఇష్టపడి చేసేది. వీళ్లను ఎవరూ అడగలేదు, చాలావరకు అడ్డుపడే అమ్మానాన్నలు లేని పిల్లల్నే ఏరుకున్నారు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి అంతమైందని ప్రకటించింది. ఆ గెలుపు కథలో జెన్నర్ గురించి రాశాక తరువాతి పేరా ఈ పిల్లలది కావాలి. అందులో వాళ్ల చేతులతోపాటు, వాళ్లకిచ్చి తప్పిన మాట కూడా ఉండాలి.