గణకయంత్రాలలో దోషనివారణ

మానవ నిర్మితమైన ఏ యంత్రమూ దోషాతీతం కాదు. గణకయంత్రమూ అంతే. అయితే దాని దోషాలు రెండు విధాలు. యంత్రం ఆగిపోవడం ఒకటి. ఆగకుండానే తప్పు లెక్క చెప్పడం మరొకటి. మొదటిది కంటికి కనిపిస్తుంది. ఖాతాలోని ఒక అంకెను నిశ్శబ్దంగా మార్చివేసే రెండవదే మిక్కిలి ప్రమాదకరం.

మెమరీలోని సమాచారమంతా 0, 1 అనే బిట్ల రూపంలో ఉంటుంది. చిప్పుల తొడుగులలోని యురేనియం, థోరియం లేశాల నుండి వెలువడే ఆల్ఫా కణాలు ఈ బిట్లను తారుమారు చేయగలవని 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన మే, వుడ్స్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దీనికి తగిన గణిత సాధనాన్ని రిచర్డ్ హామింగ్ 1950లోనే ప్రకటించి ఉన్నాడు. అసలు బిట్లకు కొన్ని అదనపు బిట్లను జతపరిస్తే, పొరపాటు ఎక్కడ జరిగిందో కనిపెట్టి సరిదిద్దవచ్చునన్నదే దాని సారాంశం. సర్వర్ల మెమరీలో సాధారణంగా ఒక బిట్టు చెడితే యంత్రమే సరిదిద్దుకొంటుంది. రెండు చెడితే, చెడిన సంగతి మాత్రమే తెలుస్తుంది.

ఇట్లు సరిదిద్దరాని దోషం బయటపడినప్పుడు ప్రాసెసర్ 'మెషిన్ చెక్' అనే హెచ్చరికతో ఆపరేటింగ్ సిస్టంకు హృదయమైన కెర్నెల్‌ను మేల్కొల్పుతుంది. కాని ప్రాసెసర్లన్నింటి శక్తి ఒక్కటి కాదు. కనుకనే లైనక్స్ కెర్నెల్ యంత్రం ప్రారంభమయ్యే వేళలోనే ప్రాసెసర్‌ను విచారిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ విచారణ 'సీపీయూఐడీ' అనే ఆదేశంతో మొదలవుతుంది. సమాధానంలోని 7వ బిట్టు మెషిన్ చెక్ ఉన్నదీ లేనిదీ, 14వ బిట్టు దోష వివరాలను నమోదు చేసే వ్యవస్థ ఉన్నదీ లేనిదీ తెలుపుతాయి. అటుపై కెర్నెల్ మరొక రిజిస్టరును చదువుతుంది. అందులో మొదటి 8 బిట్లు దోషాలను నమోదు చేసే అరలెన్నో చెబుతాయి. 24వ బిట్టు 1 అయితే, కెర్నెల్ సాయంతో కోలుకొనే సామర్థ్యం ఆ ప్రాసెసర్‌కు ఉన్నదని అర్థం. ఏఎండీ ప్రాసెసర్లు ఇటువంటి సంగతులనే సీపీయూఐడీలోని వేరొక విభాగం ద్వారా తెలియజేస్తాయి.

ఇంత విచారణ దేనికి? ఆ సామర్థ్యం లేనిచోట సరిదిద్దరాని దోషం తటస్థిస్తే, సాధారణంగా యంత్రాన్ని నిలిపివేయడమే క్షేమం. ఉన్నచోట నష్టానికి హద్దు గీయవచ్చు. 2009లో వెలువడిన లైనక్స్ 2.6.32 నుండి, చెడిన మెమరీ పుటను వెలివేసి మరే పనికీ కేటాయించకుండా ఉంచే ఏర్పాటు కెర్నెల్‌లో ఉన్నది. ఆ పుటకు సరియైన ప్రతి డిస్కులో ఉంటే తిరిగి తెచ్చుకోవచ్చు. లేకుంటే ఆ పుటను వాడుకొనే ప్రోగ్రాము ఒక్కటే సాధారణంగా ముగుస్తుంది. తక్కినవి నిరాటంకంగా సాగుతాయి. అయితే తన అంతఃస్థితియే చెడినదని ప్రాసెసర్ తెలిపినప్పుడు ఈ చికిత్స పనిచేయదు, ఆగిపోవలసినదే.

లేని శక్తిని ఉన్నదని భ్రమించి ముందుకు సాగితే, చెడిన అంకె డిస్కుకెక్కుతుంది. అక్కడి నుండి నకళ్లకు పాకుతుంది. అప్పుడు ఏది సత్యమో, ఏది అసత్యమో తేల్చడం దుస్సాధ్యం. తన శక్తి ఎంతటిదో ముందుగా తెలుసుకొని, అంతమేరకే పూనుకొని, మించినచోట ఆగిపోవడమే ఈ ఏర్పాటులోని వివేకం. యంత్రవిద్యను అభ్యసించే మన విద్యార్థులు ఈ వివేకాన్ని కూడా పాఠ్యాంశంగానే గ్రహింతురు గాక.