మీసాల పెట్టె

చలికాలంలో అచ్చంపేట మార్కెట్ యార్డుకు పల్లికాయ వస్తుంది. ఏ కుప్ప ధర దానిదే. తేమ ఎంత, మట్టి ఎంత, ఒలిస్తే గింజ ఎంత అన్నదాన్ని బట్టి పలుకుతుంది. పొద్దుగూకేసరికి ఆ కుప్పలన్నీ మూడు అంకెల్లో ఇమిడిపోతాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మోడల్ అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. ఊళ్లో నోళ్లలో నానేది మాత్రం గరిష్ఠమే. అది ఒకే ఒక్క కుప్పకు పలికిన ధర కావచ్చు. దాన్ని నమ్ముకొని కిరాయి బండి కట్టించుకొచ్చిన రైతుకు తెలియాల్సింది వేరు: నడిమి సగం కుప్పలు ఎంత నుంచి ఎంత దాకా పోయాయి?

ఆ సంగతి చూపడానికే బాక్స్ ప్లాట్ అనే పెట్టె బొమ్మ పుట్టింది. అమెరికా ప్రభుత్వ శాఖలకు పటాలు గీసిన మేరీ ఎలినార్ స్పియర్ 1952లో తన పుస్తకంలో కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఒక గీత గీసి, నడిమి సగానికి పట్టీ వేసి, మధ్యగతం దగ్గర గుర్తు పెట్టింది. ఆమె పేరు ఇవాళ చాలామందికి తెలియదు. ఖ్యాతి గణాంకవేత్త జాన్ టుకీకి దక్కింది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను 1958లోనే అచ్చులో వాడిన ఈయన, 1977 నాటి తన పుస్తకంలో ఈ బొమ్మను పెన్సిలుతో, చేత్తో గీసుకోవడానికే నేర్పాడు.

టుకీ చేర్చింది కంచె, అంటే మరీ దూరంగా పడ్డ ధరలను వేరుచేసే హద్దు. ఊహకు తొమ్మిది కుప్పలు తీసుకుందాం, క్వింటాలుకు రూపాయల్లో: 5,200, 5,600, 5,800, 5,900, 6,000, 6,100, 6,300, 6,500, 7,300. నడుమ ఉన్న 6,000 మధ్యగతం. దాన్ని రెండు వైపులా కలుపుకొని ఒక్కో సగానికి మళ్లీ నడుమ చూస్తే 5,800, 6,300 వస్తాయి. ఇవే పెట్టె అంచులు. పెట్టె పొడవు 500. దానికి ఒకటిన్నర రెట్లు 750. పై అంచుకు కలిపితే 7,050 దగ్గర కంచె. కంచె లోపలి చివరి కుప్ప 6,500 దాకానే పెట్టె నుంచి మీసం అనే గీత సాగుతుంది. 7,300 కంచె అవతల ఒంటరి చుక్కగా మిగులుతుంది. ఊరంతా చెప్పుకున్న ధర అదే!

ఒకటిన్నరే ఎందుకని అడిగితే, ఒకటి మరీ తక్కువ, రెండు మరీ ఎక్కువ అన్నాడట టుకీ.

టుకీ పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే 1976లో గణాంకాల కోసం ఎస్ అనే కంప్యూటర్ భాష పుట్టింది. దాని బాటలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ ఆర్ భాషను తయారుచేశారు. 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 కూర్పు వచ్చింది. అందులో ‘బాక్స్‌ప్లాట్’ అన్న ఒక్క మాట, బ్రాకెట్లో ధరల పట్టిక పేరు కొడితే చాలు, పెట్టె ప్రత్యక్షం. ఎక్సెల్‌లోకి ఈ బొమ్మ 2016 కూర్పుతో గానీ రాలేదు.

తిరకాసు ఇక్కడే ఉంది. ఆర్ మన తొమ్మిది కుప్పలకూ పైన గీసిన పెట్టెనే ఇస్తుంది. ఎక్సెల్‌ను దాని మానాన వదిలేస్తే మధ్యగతాన్ని పక్కన పెట్టి అంచులు లెక్కిస్తుంది: 5,700, 6,400. పెట్టె పొడవు 700 అవుతుంది, కంచె 7,450కి జరుగుతుంది. ఒంటరి చుక్క మాయమై, మీసం ఏకంగా 7,300 దాకా సాగుతుంది. తప్పు రెండింటిలోనూ లేదు. పెట్టె అంచులను, అంటే చతుర్థకాలను, లెక్కగట్టే పద్ధతులు తొమ్మిదింటిని గణాంకవేత్తలు హైండ్‌మన్, ఫాన్ 1996లో వరసపెట్టి చూపారు. కుప్పలు వందల్లో ఉంటే ఈ తేడా కనిపించదు. పదిలోపు ఉన్నప్పుడు ఏ లెక్కన గీశారో బొమ్మ కింద రాయకపోతే చూసేవాడు మోసపోతాడు.

ఇంకో లోపం పెట్టెలోనే ఉంది. సగం కుప్పలు తడిసి చవగ్గా, సగం ఎండి ప్రియంగా పోయాయనుకోండి. పెట్టె మాత్రం ఆ రెండు గుంపుల మీదుగా నిండుగా పరుచుకుంటుంది. మధ్యగతం గీత ఒక్క కుప్పకూ పలకని ధర దగ్గర పడవచ్చు. అందుకే నేను పెట్టె మీద కుప్పలన్నిటినీ చుక్కలుగా కూడా వేస్తాను. ఆర్‌లో దానికి ‘స్ట్రిప్‌చార్ట్’ అని ఇంకో మాట ఉంది.