కలబంద

ఇంటికి దిష్టి తగలకుండా గుమ్మానికి కలబందను తలక్రిందులుగా వేలాడదీయడం తెలుగునాట నేటికీ కనిపించే ఆచారం. వేళ్ళు మన్నును తాకకున్నా, ఎవరూ నీరు పోయకున్నా ఆ మొక్క నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఈ వింతకు కారణం దాని దేహనిర్మాణంలోనే ఉన్నది.

కలబంద అరేబియా ద్వీపకల్పానికి చెందిన ఎడారి మొక్క. సంస్కృతంలో దీనిని కుమారి అంటారు. కాండం మిక్కిలి పొట్టిది కావడం వలన మట్టలన్నీ మొదలు నుండి పూరేకుల వలె చుట్టూ విచ్చుకొని ఉంటాయి. వాటి నిండా నీటిని దాచుకొన్న గుజ్జు ఉంటుంది. సాధారణంగా మొక్కలు పగటివేళ పత్రరంధ్రాలను తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. కలబంద వాటిని రాత్రివేళ తెరచి, ఆ వాయువును ఆమ్లరూపంలో నిలువచేసుకొని, పగలు రంధ్రాలను మూసి ఆహారం తయారుచేసుకొంటుంది. అందువలన ఎండలో దాని నీరు చాలా తక్కువగా ఆవిరవుతుంది.

ఇటువంటి మొక్కకు అల్లవరం వంటి చోట శత్రువు ఎండ కాదు, నీరు. గోదావరి డెల్టా చివర, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న ఈ మండలంలో వానకాలాన పల్లపు నేలలు ముంపునకు గురవుతాయి. 2011లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించడానికి గల కారణాలలో మురుగునీరు పోయే దారి సరిగా లేకపోవడం ఒకటి. వరికే గిట్టని ముంపును కలబంద ఎట్లు భరించగలదు? నిలువనీటిలో దాని వేళ్ళు కుళ్ళి, మొదలు మెత్తబడుతుంది. నీరు చాలక సన్నబడిన మట్టలు తడి తగలగానే తిరిగి నిండుకొంటాయి. కుళ్ళిన మొదలు మాత్రం కోలుకోదు.

కనుక కలబందకు తీరపు ఇసుక నేలలు, మెరక గట్లు అనువైనవి. కుండీలో పెంచినచో అడుగున రంధ్రం ఉండాలి; మన్నులో ఇసుక బాగా కలపాలి. తల్లిమొక్క ప్రక్కన పుట్టిన పిలకలు జానెడు ఎదిగిన తరువాత వేళ్ళతో వేరుచేసి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి నాటాలి. గాయం ఆరితే కుళ్ళు సోకే ప్రమాదం తగ్గుతుంది. మన్ను ఆరిన పిదపనే నీరు పోయాలి. నీడలో పెరిగిన మొక్కను ఎండకు క్రమంగా అలవాటు చేయాలి. కోసేటప్పుడు వెలుపలి ముదురు మట్టలనే కోయాలి. మొవ్వు జోలికి పోరాదు.

కోసిన మట్ట నుండి పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. అది ఎండి గట్టిపడినదే ముసాంబరం. అది తీవ్రమైన విరేచనకారి. గర్భిణులు దానిని లోనికి పుచ్చుకొనరాదు. తగిన భద్రతా ఆధారాలు లేనందున అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2002లో వైద్యుని చీటీ లేకుండా అమ్మే విరేచన మందులలో కలబందను అనుమతించలేదు. కాబట్టి మట్టను నిలువుగా ఉంచి ఆ రసాన్ని కారిపోనిచ్చి, తోలు తీసి, గుజ్జును కడిగిన తరువాతనే చర్మానికి పూయాలి. పెరటి మొక్క అయినంత మాత్రాన దాని ప్రతి భాగమూ నిరపాయకరం కాదు.