30 లక్షలు పలికినంత మాత్రాన నంబర్ వన్ కాదు: వేలం తర్వాత మన కుర్రాళ్ల ర్యాంకు ఎలా చూడాలి?

పామర్రు సెంటర్‌లో గుడివాడ బస్సు కోసం నిలబడి ఉంటే తెలిసిన చాచా ఒకాయన చెయ్యి పట్టుకుని టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఫోన్‌లో ఐపీఎల్ వేలం లిస్టు తెరిచి ఉంది. "బేటా, నువ్వు పేపరోడివి కదా, చెప్పు. ఆంధ్ర కుర్రాళ్లు 30 లక్షలకి పోయారంట. మా వాడు వాళ్లలాగే ఆడతాడు. టెన్త్ అయ్యాక చదువు ఆపేసి బెజవాడ అకాడమీలో వేద్దామనుకుంటున్నా. బ్యాంకు లోను కూడా అడిగా" అన్నారు.

అప్పటికప్పుడు నాలుగు ముక్కలు చెప్పాను కానీ, ఈ ప్రశ్న ఆయనొక్కరిదే కాదు. వేలం అయిన వారంలో మన ఇళ్లలో చాలామంది అబ్బాలు ఇదే లెక్క వేస్తారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. వేలంలో పలికిన రేటు ఒకటి, ఆటగాడి ర్యాంకు ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేస్తేనే ఇంటి లెక్క తప్పుతుంది.

ఒకే వేలం, ఒకే రేటు, ఇద్దరు కుర్రాళ్లు

2022 డిసెంబర్‌లో కొచ్చిలో వేలం జరిగింది. ఆ రోజు ఆంధ్ర నుంచి ఇద్దరు కుర్రాళ్లు సరిగ్గా 20 లక్షలకే వెళ్లారు. మన గుంటూరు షేక్ రషీద్‌ని చెన్నై తీసుకుంది, విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ సన్‌రైజర్స్ తీసుకుంది. అప్పట్లో కొత్త ఆటగాడి కనీస ధరే 20 లక్షలు. అంటే ఇద్దరి కోసమూ ఎవరూ పోటీ పడలేదన్నమాట.

ఆ రోజు ఈ ఇద్దరిలో ఎవరు ముందు అని అడిగితే నేను కళ్లు మూసుకుని రషీద్ అనేవాణ్ణి. ఎందుకనరు! అదే ఏడాది ఫిబ్రవరిలో అండర్-19 వరల్డ్ కప్ గెలిచిన ఇండియా టీమ్‌కి అతను వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50. మధ్యలో కరోనా వచ్చి కొన్ని మ్యాచ్‌లు పోయినా తిరిగొచ్చి ఆడిన ఇన్నింగ్స్‌లు అవి. నితీశ్ ఆ వరల్డ్ కప్ టీమ్‌లోనే లేడు.

నిజానికి రషీద్ ఆ కప్ గెలిచిన వారం తర్వాత జరిగిన వేలంలో ఉండాల్సింది. 19 ఏళ్లు నిండని కుర్రాడు రాష్ట్రం తరఫున ఒక్క రంజీ మ్యాచో, లిస్ట్-ఎ వన్డేనో ఆడి ఉండాలని అప్పట్లో బోర్డు రూలు ఉండేది. రషీద్‌కి అప్పటికి రెండూ లేవు. రంజీలో మొదటి మ్యాచ్ ఆ నెలలోనే ఆడాడు, వేలం అయిపోయాక. పేరు మారుమోగుతున్నప్పుడు వేలానికి వెళ్లడం వేరు, పది నెలలు ఆగి వెళ్లడం వేరు. ఇది అతని ఆటలో లోపం కాదు, క్యాలెండర్ చేసిన పని.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. నితీశ్ 2023 సీజన్‌లో రెండంటే రెండు మ్యాచ్‌లు ఆడాడు. 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు. సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ డిసెంబర్‌లోనే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద టెస్ట్ సెంచరీ కొట్టాడు. రషీద్‌కి ఐపీఎల్‌లో మొదటి మ్యాచ్ 2025 ఏప్రిల్ 14న గానీ రాలేదు. లక్నోలో 19 బంతుల్లో 27 కొట్టాడు. ఆ సాయంత్రం గుంటూరు నుంచి మచిలీపట్నం దాకా ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఆ స్కోరు తిరిగిందో! మా ఇంట్లో అమ్మీ కూడా టీవీ ముందు కూర్చుంది, ఆమెకి ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏంటో ఇప్పటికీ తెలీదు.

తేడా ఎక్కడ వచ్చింది?

టాలెంట్‌లో పెద్ద తేడా ఉందని నేననుకోను. తేడా అంతా పాత్రలో. రషీద్ టాపార్డర్ బ్యాటర్. దేశంలో ప్రతి రాష్ట్రానికీ అలాంటి కుర్రాళ్లు నలుగురైదుగురు ఉంటారు, పైగా ఐపీఎల్ టీముల్లో ఆ స్థానాలు ముందే నిండిపోయి ఉంటాయి. నితీశ్ బ్యాటింగ్ చేస్తాడు, ఫాస్ట్ బౌలింగూ వేస్తాడు. అలాంటి వాళ్ల కోసం ఇండియా టీమ్ కూడా ఏళ్లుగా వెతుకుతోంది. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు ఇది సప్లై, డిమాండ్ లెక్కలాగే కనిపిస్తుంది. సరుకు రెండూ మంచిదే, మార్కెట్‌లో ఒకటి తక్కువగా దొరుకుతుంది.

ఇంకోటి వయసు, దానికి తగ్గ స్థాయి. నితీశ్ 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441 ఉన్నాయి. అందరూ ఆ 441 గురించే మాట్లాడతారు. నన్నడిగితే ఆ అంకె కంటే మొత్తం 1237 ముఖ్యం. బలహీనమైన టీమ్ మీద ఒకరోజు వాయించడం చాలామందికి సాధ్యమే, సీజన్ అంతా చేయడం కష్టం. ఆ తర్వాత 2020 జనవరికల్లా, 17 ఏళ్లు నిండకముందే, రంజీ ఆడేశాడు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లతో ఆడుతూ నిలబడటం అన్నిటికంటే బలమైన గుర్తు.

అందుకే మీ వాడు ఎన్ని కొట్టాడని కాదు, ఎవరి మీద కొట్టాడు, ఏ వయసులో కొట్టాడు అని అడగండి. టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌లో ఆరు సిక్సులు అంటే సంతోషమే, కానీ సెలెక్టర్ పుస్తకంలో దానికి గీత కూడా పడదు. అలాగని టెన్నిస్ బాల్ ఆడేవాళ్లకి దారే లేదని కాదు. హైదరాబాద్ సిరాజ్ అక్కడి నుంచే వచ్చాడు, వాళ్ల నాన్నగారు ఆటో నడిపేవారు. కానీ 2017 వేలంలో 2.6 కోట్లు పలకడానికి ముందు రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. రేటు తెచ్చింది ఆ 41 వికెట్లు.

నా లిస్టు తలకిందులైన సంగతి

2024 నవంబర్‌లో జెడ్డాలో పెద్ద వేలం అయ్యాక నేనూ ఒక కాగితం మీద ఆంధ్ర కుర్రాళ్ల ర్యాంకులు రాసుకున్నా. నితీశ్ అప్పటికే పైకి వెళ్లిపోయాడు కాబట్టి పక్కనపెట్టా. మొదట రషీద్, రెండు కాకినాడ ఫాస్ట్ బౌలర్ సత్యనారాయణ రాజు, మూడు టెక్కలి స్పిన్నర్ త్రిపురాన విజయ్, నాలుగు బ్యాటర్ పైలా అవినాశ్. నలుగురికీ రేటు ఒక్కటే, 30 లక్షలు. కనీస ధర అప్పటికి 30 అయ్యింది.

ఏడాది తిరిగేసరికి, 2025 నవంబర్‌లో, టీములు ఎవరిని ఉంచుకుంటున్నాయో చెప్పాయి. చెన్నై రషీద్‌ని వదిలేసింది. ముంబై రాజుని వదిలేసింది. విజయ్‌ని ఢిల్లీ, అవినాశ్‌ని పంజాబ్ ఉంచుకున్నాయి. నా కాగితం సరిగ్గా తలకిందులు! మ్యాచ్‌లు ఆడినవాళ్లేమో బయటికి, నేను కింద రాసినవాళ్లేమో లోపల.

అయినా ఈరోజు రాయమన్నా రషీద్‌ని నేను నాలుగుకి దించను. ఫ్రాంచైజీ వదిలేయడం అంటే ఆ టీమ్‌లో ఆ సీటు అవసరం లేదని అర్థం, ఆట అయిపోయిందని కాదు. 2004 సెప్టెంబర్‌లో పుట్టినవాడు, ఇంకా చాలా ఏళ్ల ఆట ఉంది.

ఇలా ర్యాంకులు తప్పడం మనకే కాదు. అమెరికాలో బేస్‌బాల్‌కి ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. అక్కడ వేలం పాట ఉండదు, 30 టీములు వంతులవారీగా 20 రౌండ్లలో స్కూలు, కాలేజీ కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఎంచుకున్న పిల్లల్ని వెంటనే పెద్ద టీమ్‌లో ఆడించరు, మైనర్ లీగ్ అనే కింది మెట్లలో ఏళ్ల తరబడి తయారు చేస్తారు. డ్రాఫ్ట్ అవగానే ఒక్కో టీమ్‌కి భవిష్యత్ ఆటగాళ్ల ర్యాంకులు కొత్తగా రాయడం అక్కడ ఒక వృత్తి. అంతమంది నిపుణులున్నా 1988లో మైక్ పియాజా అనే కుర్రాణ్ణి 62వ రౌండ్‌లో, 1390వ పేరుగా తీసుకున్నారు. అప్పట్లో రౌండ్లు అన్ని ఉండేవి. ఆయన 2016లో ఆ ఆట హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. మరోవైపు 2008లో మన దేశంలో టీవీ పోటీ పెట్టి రింకు సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరిని పిట్స్‌బర్గ్ టీమ్ తీసుకెళ్లింది. (ఈ రింకు మన కోల్‌కతా రింకు కాదు.) వాళ్ల మీద సినిమా కూడా వచ్చింది కానీ ఇద్దరూ పెద్ద లీగ్ దాకా చేరలేదు.

మన దగ్గర ఆ మైనర్ లీగ్ పని రాష్ట్ర సంఘాలు చేస్తున్నాయి. జిల్లా టీమ్, తర్వాత అండర్-16 విజయ్ మర్చంట్, అండర్-19 కూచ్ బెహార్, అండర్-23 సీకే నాయుడు, ఆపైన రంజీ. ఐపీఎల్ టీములు చివర్లో వచ్చి పంట కోసుకుంటాయి. కాబట్టి మీ వాడి ర్యాంకు తెలియాలంటే ఐపీఎల్ లిస్టు కాదు, ఈ మెట్లలో ఎక్కడున్నాడో చూడాలి.

డబ్బు లెక్క

ఇక చాచా అడిగిన అసలు సంగతి. 30 లక్షలు అంటే ఒక సీజన్‌కి. వేరే ఆదాయం లేదనుకుంటే కొత్త పన్ను విధానంలో దాదాపు 5 లక్షలు పన్నుకే పోతుంది. మ్యాచ్ ఆడితే 2025 నుంచి మ్యాచ్‌కి 7.5 లక్షలు అదనం, బెంచ్ మీద కూర్చుంటే ఆ అదనం రాదు. మరుసటి ఏడాది వదిలేస్తే అంతటితో సరి.

జెడ్డా వేలానికి పేర్లు ఇచ్చినవాళ్లు 1574 మంది, అమ్ముడైనవాళ్లు 182. అందులో విదేశీయులు కూడా ఉన్నారు. ఆ 1574లోకి రావడానికే ముందు రాష్ట్రస్థాయి దాటాలి.

టీవీలో కనిపించని డబ్బు ఇంకొకటి ఉంది. 2021లో బోర్డు ప్రకటించిన రేట్ల ప్రకారం రంజీ తుది జట్టులో ఉన్న కొత్త కుర్రాడికి రోజుకి 40 వేలు. నాలుగు రోజుల మ్యాచ్‌కి 1.6 లక్షలు, గ్రూపులో ఏడు మ్యాచ్‌లూ ఆడితే 11.2 లక్షలు. అండర్-19కి రోజుకి 20 వేలు, అండర్-16కి 7 వేలు. ఐపీఎల్ పేరు లేకుండానే ఇంటికి ఆసరా అయ్యే స్థాయి ఒకటుందని ఇందుకే చెబుతున్నా. లోను తీసుకునే ముందు ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూడండి. ఒకటి మాత్రం ఖాయంగా చెప్పగలను: కొడుకు జిల్లా టీమ్‌లోకి ఇంకా రాకుండానే చదువు ఆపడం తప్పు. జిల్లా సెలెక్షన్‌కి టెన్త్ ఫెయిల్ అవ్వాలని ఎవరూ అడగరు. డబ్బిస్తే సెలెక్షన్ చేయిస్తామనేవాళ్లు కూడా వస్తారు. మా చుట్టాల్లో ఒకాయన అలా ఇచ్చి, కిట్టు బ్యాగు ఒక్కటి పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆడపిల్లల సంగతి కూడా అడగండి. విశాఖ షబ్నమ్ షకీల్‌ని 2023లో మొదటి డబ్ల్యూపీఎల్ వేలంలో గుజరాత్ కనీస ధర 10 లక్షలకు తీసుకుంది. అప్పటికి ఆమెకి 16 నిండలేదు, అండర్-19 వరల్డ్ కప్ మాత్రం గెలిచి వచ్చింది. మరుసటి ఏడాది యూపీ మీద 11 పరుగులకు 3 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యింది. ఫాస్ట్ బౌలింగ్ వేసే అమ్మాయిలు తక్కువ కాబట్టి అక్కడ దారి కొంచెం వెడల్పుగా ఉంది.

పుట్టిన తేదీ

ఒక్క విషయం మాత్రం మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. వయసు తక్కువ చేసి రాయిస్తే అండర్-16లో ఇంకో రెండేళ్లు ఆడొచ్చు అనే సలహా. బోర్డు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తుంది. 2019లో రసిఖ్ సలామ్ అనే కశ్మీర్ కుర్రాడు ముంబై తరఫున ఐపీఎల్ ఆడిన నెలల్లోనే పుట్టిన తేదీ తప్పని తేలి రెండేళ్ల నిషేధం పడింది. అతను తిరిగొచ్చి 2024 వేలంలో 6 కోట్లకు బెంగళూరు వెళ్లాడు, అది అతని మొండితనం. అందరికీ రెండో అవకాశం రాదు.

మొన్న శుక్రవారం మళ్లీ చాచా వాళ్లింటికి వెళ్లా. లోను కాగితాలు పక్కన పెట్టేశారట, టెన్త్ పరీక్షలు అయ్యాకే అన్నీ అన్నారు. కుర్రాడు బ్యాటింగ్ ఒక్కటే చేస్తాడు. బౌలింగ్ వేస్తావా అంటే సిగ్గుపడ్డాడు. సాయంత్రం ఆడదామంటే చుట్టూ పొలాలే, కానీ మన దగ్గర వరి కోయకముందే మినుములు చల్లేస్తారు, స్కూలు గ్రౌండ్ ఒక్కటే దిక్కు. జిల్లా సెలెక్షన్‌కి ఇవ్వాల్సిన ఫారం టేబుల్ మీద ఉంది. చాచా కళ్లద్దాలు పెట్టుకుని పేరు రాశారు, అబ్బా పేరు రాశారు, పుట్టిన తేదీ దగ్గర పెన్ను ఆపి, బీరువాలోంచి సర్టిఫికెట్ తీసుకురమ్మని కొడుకుని లోపలికి పంపారు.