సరదాకు ఉలి పట్టేవారు తెలుసుకోవలసిన విషయాలు

ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, సెలవులకు ఇంటికి వచ్చిన యువకులు కట్టెపనిని ఒక సరదాగా చేపట్టడం ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నది. యంత్రాలు లేకుండా రంపం, ఉలి, బాడిస, రందా, సుత్తి, వీటితోనే గరిటెలు, బొమ్మలు, చిన్న పీటలు చేసుకుంటున్నారు. కొడంగల్, తాండూరు పల్లెల్లో వడ్లవారు నాగళ్ళకు, గొర్రులకు, బండి చక్రాలకు వాడిన పనిముట్లే ఇవి. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని చాలా వరకు తగ్గిపోయింది. అటక మీద తుప్పు పట్టిన ఉలిని సానరాయి మీద నూరి మళ్ళీ వాడుతుంటే సంతోషించవలసిందే.

ఆరోగ్యానికి ఇది మంచిదే. వేళ్ళకు, మణికట్టుకు, భుజాలకు పని దొరుకుతుంది, మనసు ఒకచోట నిలుస్తుంది. క్షయకు మందులు లేని రోజుల్లో ఇంగ్లండులోని పాప్‌వర్త్ అనే చోట 1918 నుంచి రోగులకు వడ్రంగం వంటి పనులు ఇచ్చి, కోలుకుంటున్న కొద్దీ పనిగంటలు పెంచేవారు. అనంతగిరి కొండ మీది క్షయ ఆసుపత్రిని ఎరిగిన మన ప్రాంతంవారికి ఈ సంగతి ఆసక్తిగా ఉంటుంది. అయితే ఆ పనికీ ఊపిరితిత్తులకూ ఇంకొక సంబంధం కూడా ఉన్నది. దానికి ముందు కట్టె గురించి కొంత చెప్పాలి.

ఏ కట్టె దేనికి?

మన తెలుగువారి కట్టెపనిలో ప్రతి ఊరికీ ఒక చెట్టు ఉన్నది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు పొణికి. అది ఎంతో తేలిక, మెత్తన. కొండపల్లిలో బొమ్మ కాళ్ళు చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క పూస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కట్టెకు పట్టుకుంటుంది. రసాయన రంగుల బదులు చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కనుక, మా దృష్టిలో ఇది కళకు ఎంత మేలో ఆరోగ్యానికీ అంత మేలు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలోనైతే కొండ చెట్ల కట్టెతో చెంచాలు, గరిటెలు చేస్తారు.

మన ఇంటి చుట్టూ దొరికేవీ తక్కువేమీ కాదు. తుఫానుకు విరిగిన మామిడి కొమ్మ, చింత, జామ, నల్లతుమ్మ, ఇవన్నీ చిన్న పనులకు బాగుంటాయి. పచ్చి కొమ్మను చివరలకు మైనం పూసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్ళు ఇస్తుంది.

కాని కొన్ని చెట్లను ముట్టకూడదు. గన్నేరులో ఆకు, కొమ్మ, బెరడు అంతా గుండెకు విషమే. అందంగా ఉందని దానితో గరిటె చేయవద్దు. ముష్టి చెట్టు కూడా అంతే. నల్లజీడి రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టేది దీని కాయ రసంతోనే. పేరు తెలియని కట్టెతో తినే వస్తువు చేయకూడదు, ఊరిలోని పెద్ద వడ్లాయనను అడిగి తెలుసుకోండి. ఇక ఎర్రచందనం, రోజ్‌వుడ్ ముక్కలు చౌకగా ఇస్తామని ఎవరైనా వస్తే బిల్లు, అటవీశాఖ పత్రాలు చూపమనండి. రిజర్వు అడవిలో పడిపోయిన కొమ్మైనా సరే, అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు.

పొట్టు వేరు, ధూళి వేరు

ఇంగ్లండులో హై వికోంబ్ అనే ఊరు కుర్చీల తయారీకి ప్రసిద్ధి. అక్కడి ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్, 1960ల్లో తన దగ్గరకు వచ్చే ముక్కు క్యాన్సరు రోగులలో ఫర్నిచరు పనివారు విపరీతంగా ఎక్కువ ఉండడం గమనించారు. మామూలు జనంలో ఆ రకం క్యాన్సరు చాలా అరుదు. ఆమె, మరికొందరు పరిశోధకులు కలిసి 1968లో ఈ సంగతిని ప్రచురించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కట్టె ధూళిని మనిషికి క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

దీనిని చదివి భయపడనవసరం లేదు. ఆ పనివారు రోజంతా, ఏళ్ళ తరబడి, యంత్రాల నుంచి లేచే ధూళిలో పనిచేశారు. వారానికి రెండు గంటలు ఉలి పట్టేవారికి ఆ ప్రమాదం చాలా తక్కువ. పైగా చేతి పనిముట్లలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. రందా తోస్తే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంది, ఉలి కొడితే పెళ్ళలు లేస్తాయి. అవి బరువుగా నేల మీద పడతాయి కాని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవు. ఇబ్బంది అంతా ఉప్పు కాగితంతో వస్తుంది. నునుపు కోసం రుద్దినప్పుడు లేచే మెత్తని పిండి గంటల తరబడి గాలిలో తేలుతుంది. అందుకే పాత వడ్లవారు గాజు పెంకు అంచుతో గీకి నునుపు చేసేవారు. ఇప్పుడు అదే పనికి పలుచని ఉక్కు రేకులు దొరుకుతున్నాయి. గాజు కన్నా అవే క్షేమం.

ఉప్పు కాగితం తప్పదనుకుంటే ఆరుబయట, గాలి మీ వెనుక నుంచి వీచేలా కూర్చోండి. 2020లో అందరికీ పరిచయమైన ఎన్-95 మాస్కు ఇక్కడ పనికి వస్తుంది, మూతికి కట్టుకునే తువ్వాలు పనికిరాదు. పని అయ్యాక పొడి చీపురుతో ఊడ్చితే పడిన ధూళి మళ్ళీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో ఉబ్బసం ఉన్న బిడ్డ గాని, ముసలివారు గాని ఉంటే వారు పడుకునే గదిలో ఈ పని అసలే వద్దు. పని చేసిన రోజు రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చి, పని మానిన రోజుల్లో తగ్గుతున్నాయంటే డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పండి. ఒక పక్క ముక్కు నుంచే తరచు రక్తం కారుతున్నా, నెలల తరబడి ముక్కు బిగదీసుకుపోయినా చూపించుకోవాలి. టేకు, రోజ్‌వుడ్ కొందరి చర్మానికి పడవు. ముంజేతుల మీద, మెడ మీద దురద, దద్దుర్లు వస్తే అది మందు కన్నా ముందు కట్టె మార్చవలసిన సూచన.

కంటి విషయంలో ఆలస్యం వద్దు

ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. కట్టె పేడు, ఆకు, వరి పొట్టు వంటివి కంటి నల్లగుడ్డును గీరితే అక్కడ బూజు జాతి క్రిములు చేరి పుండు పడే అవకాశం ఉన్నది. మొదటి రోజు కేవలం నలక పడినట్టే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఈలోపు మందుల షాపులో ఏవో చుక్కలు తెచ్చి వేస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు అనిపిస్తుంది గాని లోపల పుండు ముదురుతుంది, చూపు పోతుంది. నాలుకతో, కొంగు అంచుతో నలక తీసే పద్ధతి కూడా మానుకోవాలి. శుభ్రమైన నీళ్ళతో కడిగి, కన్ను నలపకుండా కంటి డాక్టరు దగ్గరకు రండి. గుచ్చుకుని నిలిచిన ముక్కనైతే కడగవద్దు, లాగవద్దు, కన్ను మీద ఒత్తిడి పడకుండా వెంటనే రండి. పని చేసేటప్పుడు రెండు పక్కలా మూత ఉన్న ప్లాస్టిక్ కళ్ళద్దాలు పెట్టుకుంటే ఇదంతా తప్పుతుంది.

చేతికి దెబ్బ తగిలితే

మొద్దుబారిన ఉలే ఎక్కువ ప్రమాదం. పదును లేదని బలంగా నొక్కుతాం, అది జారి ముక్కను పట్టుకున్న రెండవ చేతిని కోస్తుంది. కట్టెను చేత్తో కాక బిగింపుతో పట్టించి, రెండు చేతులూ ఉలి మొన వెనుకే ఉంచాలి.

తెగితే ధారగా పడే నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు విడవకుండా నొక్కి పట్టండి. మధ్య మధ్య తీసి చూడవద్దు. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దవద్దు. వేలు మడవడం రాకపోయినా, వేలి కొస తిమ్మిరిగా ఉన్నా నరమో, కండర తాడో తెగిందన్నమాట. గాయం చిన్నదే అయినా అదే రోజు ఆసుపత్రికి రావాలి. ధనుర్వాతం సూదిని ఇప్పటికీ టీటీ అనే పిలుస్తున్నాం గాని ఇప్పుడు ఇచ్చేది టీడీ. పదేళ్ళకొకసారి వేయించుకోవాలి. గాయం లోతుగానో, మురికిగానో ఉండి, చివరి సూదికి ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఒక ప్రత్యేక మాట. అరికాలిలో స్పర్శ తగ్గినవారికి పేడు దిగినా తెలియదు. చెప్పులు లేకుండా పొట్టు మీద తిరగవద్దు, రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఈ పని మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడాలి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

పూర్తయిన గరిటెకు చాలామంది అవిసె నూనె పట్టిస్తారు. అది ఆరి గట్టిపడుతుంది, కట్టె రంగు బాగా తేలుతుంది. అంగడిలో చెక్కలకు అమ్మే నూనెలో ఆరబెట్టే రసాయనాలు కలుపుతారు కాబట్టి తినే వస్తువుకు తినే నూనెనే వాడండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని తీగ మీద విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరిన తర్వాతే పారవేయండి.