19వ గేటు గొలుసు

డ్యామ్ అంటే మన కళ్లకి ఆనేది రాతికట్టడమే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో తెగింది మాత్రం గొలుసు. 33 గేట్లలో 19వది కొట్టుకుపోయి, మూడు రాష్ట్రాల రైతుల నీళ్లు దిగువకి పోయాయి. 70 ఏళ్ల రాయి నిలిచింది. గొలుసు సంగతి వేరు: గేటు కదిలినప్పుడల్లా లింకులు రాసుకుంటాయి, తడికి తుప్పు పడతాయి. పైన రంగేస్తే ఆ అరుగుదల కనపడదు, కొలిచి చూడాల్సిందే.

వారంలోపే కన్నయ్యనాయుడు గారి బృందం పారే నీటిలోనే స్టాప్‌లాగ్, అంటే తాత్కాలిక ఇనప పలకలు, దించింది. అలాంటిచోట పనివాళ్లకి బెల్టు ఇస్తే చాలదు. కొక్కెం ఎక్కడ తగిలించాలో, క్రేన్ సైగలేంటో ముందే నేర్పాలి. తనిఖీకి, ఈ శిక్షణకి ఎస్టిమేట్‌లోనే విడిగా పద్దు ఉండాలని నేనంటాను.